సంతకం లేని ఆరు ఓట్లు

ఆన్స్ కొకో ఊళ్లో ఎర్నెస్టీన్ ఏ పార్టీ మనిషో ఎవరికీ తెలియదు. మా ద్వీపంలో అలాంటి మనిషి దొరకడం కష్టం. ఇక్కడ బిడ్డ పుడితే ఆడా మగా అని అడిగేముందు లాంతరింట పుట్టిందా, పడవింట పుట్టిందా అని అడుగుతారు. లాంతరు పార్టీ వాళ్ల తలుపులకు పసుపు రంగు, పడవ పార్టీ వాళ్ల తలుపులకు నీలం. ఐదేళ్లకోసారి పదిహేను సీట్లకు ఎన్నికలు జరుగుతాయి. ఎనిమిది గెలిచిన పార్టీ చేతికి రోడ్ల పనులూ, ఆసుపత్రి ఉద్యోగాలూ, రేవూ, చివరికి వీధి ఊడ్చే చీపురు కూడా వెళ్లిపోతాయి. ఓడినవాళ్లు మరో ఐదేళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఒక్కో సీటుకి వెయ్యి ఓట్లుంటే అదే ఎక్కువ. నలభై ఓట్ల తేడాతో గెలిస్తే దాన్ని ప్రభంజనం అంటాం.

ఎర్నెస్టీన్ తన తలుపుకి ఏ రంగూ వెయ్యలేదు. ఉప్పుగాలికి చెక్క బూడిదరంగుకి తిరిగింది. అది చూసి కొత్తవాళ్లు ఈమె ఎంత ధైర్యస్తురాలో అనుకునేవాళ్లు. నిజానికి అది భయమే. ఆమె తండ్రి బడిపంతులు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఓడిపోయిన పార్టీ సభలో ఆయన గిటారు వాయించాడన్న పాపానికి కొత్త ప్రభుత్వం ఉద్యోగం తీసేసింది. ఆ తరవాత ఆయన బతికిన పదకొండేళ్లూ ఇంటి వెనక కర్రపెండలం తవ్వుకుంటూ బతికాడు. గిటారు మళ్లీ ముట్టలేదు. ఆ పిల్ల పెరిగి పెద్దదై పోస్టాఫీసు ఉద్యోగంలో చేరింది. పందొమ్మిదేళ్లుగా ఊరి ఉత్తరాలు పంచుతూ, ఎవరితోనూ రాజకీయం మాట్లాడకుండా, ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసుకుంటూ కాలం గడిపింది. ఊళ్లో అందరూ ఆమెను పోస్టమ్మా అని పిలిచేవారు.

భర్త క్లోవిస్ ప్రభుత్వ ఫెర్రీలో ఇంజిను మెకానిక్కు. నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి. "మా ఆవిడ వాన పడుతుందేమోనని గొడుగు తీసుకెళ్తుంది, గొడుగు మీద పిడుగు పడుతుందేమోనని తెరవదు" అని రేవులో అందరికీ చెప్పేవాడు.

ఆ సంవత్సరం ఎన్నికలకు ఆన్స్ కొకో బడిలో పోలింగ్ అధికారిగా ఎవరిని పెట్టాలా అని తగువొచ్చింది. లాంతరువాళ్లు చెప్పిన ప్రతి పేరునూ పడవవాళ్లు కొట్టేశారు. పడవవాళ్లు చెప్పినవాళ్లను లాంతరువాళ్లు ఒప్పుకోలేదు. చివరికి రెండు వైపులా అభ్యంతరం లేని పేరు ఒక్కటే మిగిలింది. ఆ కబురు విన్నరోజు ఎర్నెస్టీన్ అన్నం ముట్టలేదు.

"వద్దని చెప్పేస్తాను" అంది.

"వద్దంటే ఎందుకొద్దన్నావని రెండు పార్టీలూ అడుగుతాయి. వెళ్లి కాగితాలు చింపి ఇచ్చి వచ్చెయ్. నువ్వు రోజూ చేసే పనే కదా, స్టాంపులు చింపడం" అన్నాడు క్లోవిస్.

రాజధానికి వెళ్లి బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. ఎవరి ఓటు ఎటు పడిందో తెలిసినా, తెలుసుకునే దారి ఉన్నా, ఎవరికీ చెప్పనని ఆ ప్రమాణంలో ఉంది. పని ఎలా చెయ్యాలో కూడా అక్కడే నేర్పారు. పుస్తకంలోంచి ఓటుకాగితం చింపాలి. వెనకవైపు తన పొట్టి సంతకం పెట్టాలి. మడిచి చేతికివ్వాలి. ఆ సంతకం లేని కాగితం పెట్టెలో కనిపిస్తే అది బయటినుంచి దూర్చిన దొంగకాగితమని లెక్క, దాన్ని పక్కన పెట్టెయ్యాలి.

పోలింగ్ రోజు మధ్యాహ్నం దాకా అంతా బాగానే నడిచింది. రెండు గంటలప్పుడు కొండమీంచి వాన దిగింది. బడి రేకుల కప్పు మీద గులకరాళ్లు కుమ్మరించినట్టు మోత. బయట వరసలో నిలబడ్డవాళ్లందరూ తడిసి లోపలికి తోసుకొచ్చారు. అప్పుడే ఫెలిసియన్ అనే మనిషి టేబులు ముందుకొచ్చాడు. లండన్‌లో బస్సు నడుపుతాడు. లాంతరు పార్టీ టిక్కెట్లు కొని విమానంలో దింపినవాళ్లలో ఒకడు.

పడవ పార్టీ ఏజెంటు మురియెల్ కుర్చీలోంచి లేచింది. బట్టలు కుట్టే మనిషి, గొంతు ఊరి చివరిదాకా వినిపిస్తుంది. "ఆగు! ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి మట్టి తొక్కనివాడికి ఇక్కడ ఓటేంటి?"

"జాబితాలో నా పేరుంది. మా అమ్మ సమాధి ఈ ఊళ్లోనే ఉంది" అన్నాడు ఫెలిసియన్.

"సమాధి మీద గడ్డి పీకడానికి ఒక్కసారైనా వచ్చావట్రా? ఓటుకైతే రెక్కలు కట్టుకుని వాలావు!"

లాంతరు పార్టీ ఏజెంటు హిలేర్ టూసాన్ మెల్లగా నవ్వాడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ మెత్తని మాట. "మురియెల్, నీ తమ్ముడు కూడా న్యూయార్క్ నుంచి నిన్ననే దిగాడుగా. అతనివి రెక్కలు కావా?"

అంతే, వెనకనుంచి ఎవరో ఎవరినో తోశారు. టేబులు ఒరిగిపోయింది. సిరా సీసా పగిలి నేలంతా ఊదారంగు. ఎర్నెస్టీన్ రెండు చేతులతో ఓటుకాగితాల పుస్తకాన్ని గుండెకి అదుముకుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న కోసం ఇంటి ముందుకొచ్చి అరిచిన గుంపు గుర్తొచ్చింది. పోలీసు వచ్చి ఫెలిసియన్‌ని, మురియెల్‌ని చెరో మూలకు తీసుకెళ్లాడు. వరసలో ఉన్నవాళ్లు "తొందరగా కానివ్వు పోస్టమ్మా, తడిసి చస్తున్నాం" అంటున్నారు. ఆమె చేతులు వాటంతటవే కాగితాలు చింపి, మడిచి, అందించాయి. ఒకటి, రెండు, మూడు... కాసేపటికి సహాయకురాలు బెంచీ కింద దొరికిన పెన్ను తెచ్చి చేతిలో పెట్టింది. ఆమె పని సాగించింది. పెన్ను ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియలేదు.

ఐదింటికి తలుపులు మూశారు. దీపాలు వెలిగించి, ఇద్దరు ఏజెంట్ల ఎదుట పెట్టె బోర్లించారు. లాంతరు ఒక వైపు, పడవ ఒక వైపు. కాగితం తిప్పి సంతకం చూడటం, కుప్పలో వెయ్యడం. నూట పదో కాగితమో ఏమో, తిప్పితే వెనక తెల్లగా ఉంది. మరికాసేపటికి ఇంకొకటి. మొత్తం ఆరు. ఐదింటి మీద పడవ గుర్తుకి గీత, ఒకదాని మీద లాంతరుకి.

ఈ సీటు కిందే ఉన్న మిగిలిన రెండు బూత్‌ల లెక్క అప్పటికే రేడియోలో వచ్చేసింది. టూసాన్ పెన్సిలుతో చిన్న కాగితం మీద కూడికలు వేశాడు. ఆ ఆరూ కలిపితే పడవ రెండు ఓట్లతో గెలుస్తుంది. తీసేస్తే లాంతరు రెండు ఓట్లతో గెలుస్తుంది.

"దొంగకాగితాలు. పక్కన పెట్టండి" అన్నాడు టూసాన్.

"దొంగకాగితాలా? పడవవాళ్లు వచ్చినప్పుడు కావాలని సంతకం ఎగ్గొట్టింది! ఎంతకి అమ్ముడుపోయావే?" అని మురియెల్ ఎర్నెస్టీన్ మీదికి వచ్చింది.

ఎర్నెస్టీన్ రూలు ప్రకారం ఆరింటి మీదా "సంతకం లేదు" అని రాసి, కవరులో పెట్టి సీలు వేసింది. రాస్తున్నప్పుడే అంతా కళ్లముందుకొచ్చింది. వాన మోత, పగిలిన సీసా, తడిసిన ఆరు ముఖాలు. ఆ ఆరుగురూ ఎవరెవరో ఆమెకు వరసగా గుర్తున్నారు.

పొద్దున రేడియో చెప్పింది. ద్వీపమంతా కలిపి చెరో ఏడు. పదిహేనో సీటు ఆన్స్ కొకోది. అది లాంతరుకి పోయింది. మధ్యాహ్నానికి లాంతరు ప్రభుత్వం ప్రమాణం చేసింది, సాయంత్రానికి పడవ పార్టీ కోర్టుకెళ్లింది. విచారణ ఏడు వారాల తరవాత అన్నారు. సాక్షి ఒక్కతే, ఎర్నెస్టీన్.

ఆ ఏడు వారాలూ ఆమె ఎలా బతికిందో ఆమెకే తెలియాలి. పోస్టాఫీసుకి జనం రావడం మానేశారు. స్టాంపులు కావాలంటే పక్క ఊరికి వెళ్లి కొనుక్కున్నారు. రొట్టెల కొట్టు ఆమె సొంత పినతల్లి కూతురిది. అల్మారాలో రొట్టెలు కనబడుతుండగానే "అయిపోయాయి" అంది. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద పక్కవాళ్లు ఒక్కొక్కరే లేచి వెనక్కి జరిగారు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, వీధిలో అందరూ ఉండగానే, ఆమె ఇంటి రేకు మీద రాయి పడింది. బయటికొచ్చి చూస్తే అందరూ అరటికాయల బండి చుట్టూ నిలబడి బేరాలాడుతున్నారు. ఒక్కరూ తల తిప్పలేదు. రాయి వేసినవాడికంటే ఆ తిప్పని తలలే ఆమెను ఎక్కువ భయపెట్టాయి.

రాళ్లు ఏ పార్టీవాళ్లవో కూడా తెలిసేది కాదు. పడవవాళ్లకి ఆమె దొంగ. లాంతరువాళ్లకి ఆమె ఎప్పుడు ఏం చెబుతుందో తెలియని మనిషి.

టూసాన్ ఒక ఆదివారం ఇంటికొచ్చాడు. సీమపనస కాయ ఒకటి చేతిలో పట్టుకొచ్చి గడప మీద పెట్టాడు.

"భయపడకమ్మా. నువ్వు చెప్పాల్సింది ఒక్క ముక్క. నేనిచ్చిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టాను, ఇవి నావి కావు అను. కథ ముగిసిపోతుంది" అన్నాడు.

"కానీ..."

"ఏడీ, క్లోవిస్ కనబడడే? ఫెర్రీ మీదున్నాడా? మంచి ఉద్యోగం. ఆ ఇంజిను మీద ఎందరి కన్నుందో తెలుసా?" అని నవ్వి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మురియెల్ వచ్చింది. అరవలేదు. అరిస్తేనే నయమనిపించింది ఎర్నెస్టీన్‌కి.

"మర్చిపోయానని చెప్పు, చాలు. నిన్నేమీ అనం. ఇంకొకటి, ఆ ఆరుగురి పేర్లూ చెప్పు. కోర్టుకి పిలిపిస్తాం. అవును, మేమే ఓటేశామని వాళ్లచేత చెప్పిస్తాం. దొంగకాగితాలన్న మాట గాల్లో కలిసిపోతుంది."

"పేర్లు చెప్పకూడదు."

"చెప్పకపోతే నువ్వు వాళ్ల మనిషివనే అనుకుంటాం. ఈ ఊళ్లోనే బతకాలి కదా నువ్వు."

ఆ రోజు క్లోవిస్ ఫెర్రీ దిగి వచ్చాక చాలాసేపు ఉప్పుచేప ముళ్లు తీస్తూ కూర్చున్నాడు. నవ్వించే మనిషి నవ్వించడం మానేసి నెలయింది. చివరికి తలెత్తకుండానే అడిగాడు. "ఎర్నెస్టీన్, నాకు మాత్రం చెప్పు. కావాలనే చేశావా?"

ఇరవై మూడేళ్ల కాపురం. "నువ్వు కూడానా?" అని మాత్రం అనగలిగింది. అతను చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. "తప్పయిపోయింది. రేవులో పొద్దున్నించి సాయంత్రం దాకా అదే మాట వింటుంటే నా బుర్ర పాడైంది" అన్నాడు.

విచారణకి ఇంకా మూడు రోజులుందనగా, తెల్లవారుతూనే పోస్టాఫీసు వెనక తలుపు దగ్గరికి జెఫిరీన్ వచ్చింది. రోడ్లు ఊడ్చే మనిషి. ముగ్గురు పిల్లలు, మొగుడు లేడు. చీపురు గోడకి ఆనించి, అటూ ఇటూ చూసి లోపలికి దూరింది. ఆ ఆరుగురిలో ఆమె మూడోది.

"పోస్టమ్మా, నేనెటు వేశానో నువ్వు అడక్కు, నేను చెప్పను" అంది గుసగుసగా.

"నేనడగను."

"రేడియోలో చెప్పారు, ఆరింట్లో ఐదు పడవవని. నా పేరు బయటికొస్తే లెక్కెయ్యడానికి వాళ్లకెంతసేపు? చీపురు లాక్కుంటారు. ఒకవేళ ఆ ఒక్క లాంతరూ నాదే అనుకో, పడవవాళ్లు మా ఇంటి మీద పడతారు. ఎటు చూసినా నేనే పోతాను. నువ్వు నన్ను చూశావు కదా ఆ రోజు? నేను నీ ఎదురుగా నిలబడ్డాను కదా?"

"చూశాను."

"చూడలేదను. దేవుడి మీద ఒట్టేసి చెప్తున్నా, నీ కాళ్లు పట్టుకుంటా." నిజంగానే కిందికి వంగబోయింది. ఎర్నెస్టీన్ ఆమె భుజాలు పట్టుకుని లేపింది.

"ఇంటికెళ్లు. నీ పేరు నా నోట రాదు" అంది. అన్నాక గాని తానేం మాటిచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

కోర్టు రాజధానిలో. బయట పసుపు చొక్కాలు ఒక వైపు, నీలం చొక్కాలు ఒక వైపు, మధ్యలో పోలీసులు. ఆ మధ్యలోంచే ఆమె నడిచి వెళ్లాలి. రెండువైపుల నుంచీ ఒకటే మాట: "దొంగ! దొంగ!" క్లోవిస్ ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. న్యాయమూర్తి వేరే ద్వీపం నుంచి వచ్చిన పెద్దావిడ, వెండిరంగు జుట్టు.

పడవ పార్టీ లాయరు అడిగాడు: ఈ ఆరు కాగితాలూ మీరిచ్చినవేనా?

"నేనిచ్చినవే" అంది. "గొడవలో పెన్ను పడిపోయింది. సంతకం పెట్టడం మర్చిపోయాను. ఎవరూ చెప్పి చేయించలేదు. నా తప్పు." తరవాత, కాగితం చింపాక పుస్తకంలో మిగిలే కౌంటర్‌ఫాయిళ్ల సంగతి చెప్పింది. పుస్తకంలో మిగిలిన ముక్కలు మూడువందల ముప్పై నాలుగు, పెట్టెలో కాగితాలు మూడువందల ముప్పై నాలుగు. ఒక్కటి కూడా బయటినుంచి వచ్చే వీల్లేదు.

హాలు వెనకనుంచి గుసగుసలు. టూసాన్ ఇస్త్రీ చొక్కా మొదటి వరసలో కదలకుండా ఉంది.

లాంతరు పార్టీ లాయరు లేచాడు. "మీ జ్ఞాపకం అంత గొప్పదైతే, ఆ ఆరుగురూ ఎవరో చెప్పండి."

ఆమె న్యాయమూర్తి వైపు చూసింది.

"తెలుసా, తెలియదా?"

తెలియదంటే అబద్ధమవుతుంది. నిజమే చెబుతానని ఇందాకే బైబిలు ముట్టుకుంది. "తెలుసు. చెప్పను" అంది.

న్యాయమూర్తి కళ్లద్దాలు తీసింది. "కోర్టు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకపోతే నిన్ను జైలుకి పంపే అధికారం నాకుంది. తెలుసామ్మా?"

"తెలుసు మేడమ్."

"భయం లేదా?"

"ఉంది మేడమ్. చాలా ఉంది. చిన్నప్పట్నించీ నేను భయపడుతూనే బతికాను." ఆమె రెండు చేతులతో బోను కర్ర పట్టుకుంది. "ఐదుగురు అటు, ఒకరు ఇటు అని ఊరంతటికీ తెలుసు. ఆరు పేర్లు నేను చెప్పానంటే ఆ ఆరుగురి ఓట్లూ నడివీధిలో పెట్టినట్టే. చెప్పనని ప్రమాణం చేశాను. పెన్ను పారేసుకున్నాను, సంతకం మర్చిపోయాను. ఇదొక్కటన్నా సరిగ్గా చెయ్యనివ్వండి."

న్యాయమూర్తి భోజన విరామం ఇచ్చింది. ఆ గంటా ఎర్నెస్టీన్ వరండాలో బల్ల మీద కూర్చుంది. ఇంటినుంచి తెచ్చిన రొట్టె ఒళ్లోనే ఉండిపోయింది. జైలు ఎలా ఉంటుందో ఊహించుకుంది. ఆడవాళ్ల గది సముద్రం వైపు ఉంటుందని ఎవరో చెప్పారు. గాలివాన వస్తే నీళ్లు లోపలికొస్తాయా? పరుపు ఇస్తారా? క్లోవిస్ పక్కనే ఉన్నా అతనేమంటున్నాడో వినిపించలేదు.

తిరిగి వచ్చాక న్యాయమూర్తి రెండే వాక్యాలు చెప్పింది. రహస్య ఓటు ఉన్న దేశంలో ఆ ప్రశ్న అడగకూడదు. సాక్షి జవాబు చెప్పనక్కర్లేదు. ఎర్నెస్టీన్ బోను దిగి క్లోవిస్ వైపుకి నడిచింది.

మూడు వారాలకి తీర్పు వచ్చింది. సంతకం లేని ఓటు చట్టం ప్రకారం చెల్లదు. అయితే ఆ తప్పు ఓటర్లది కాదు, అధికారిది. ఆ తప్పు వల్ల ఫలితమే మారిపోయింది కాబట్టి ఆన్స్ కొకో ఎన్నిక రద్దు, మళ్లీ ఓటింగ్.

ఆగస్టులో ఉపఎన్నిక జరిగింది. ప్రభుత్వం రోడ్డుకి తారు వేయించింది, ఓటర్లతో రెండు విమానాలు దింపింది. లాంతరు ముప్పై ఒక్క ఓట్లతో గెలిచింది. ఇంత చేసీ చివరికి గెలిచినవాళ్లే గెలిచారని మురియెల్ కొట్టు అరుగు మీద కూర్చుని తిట్టింది. తిట్టినప్పుడు ఎర్నెస్టీన్ పేరు మాత్రం ఎత్తలేదు.

నిర్లక్ష్యం చేసిందని ఎర్నెస్టీన్‌ని రెండు నెలలు పనిలోంచి ఆపేశారు. తరవాత కొండమీది ఊరి పోస్టాఫీసుకి మార్చారు. రోజూ రెండు బస్సులు మారాలి. క్లోవిస్‌ని ఫెర్రీ నుంచి ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు. అతను అడగలేదు. ఒడ్డున బాదం చెట్టు కింద చేపల పడవల ఇంజిన్లు బాగుచేస్తూ, "ఇక్కడ నాకు పై అధికారి లేడు, పీతలు తప్ప" అని మళ్లీ నవ్విస్తున్నాడు. ఆమె భయం పోలేదు. వెనక అడుగుల చప్పుడైతే ఇప్పటికీ ఆగి, ఆ వచ్చేవాళ్లను ముందుకు పోనిస్తుంది.

ఆ ఆరుగురి పేర్లూ ఈ రోజుకీ ఎవరికీ తెలియవు. ఆరుగురిలో ఒక్కరు కూడా మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. ఆమెతో నిలబడి మాట్లాడితే చాలు, ఆ ఆరుగురిలో ఒకరని ఊరు వేలెత్తి చూపిస్తుంది. పొద్దున బస్సుకి వెళ్తున్నప్పుడు జెఫిరీన్ రోడ్డు ఊడుస్తూ కనిపిస్తుంది. మొదట్లో ఎర్నెస్టీన్‌ని చూడగానే కంగారుగా రోడ్డు దాటి అవతలికి పోయేది. ఇప్పుడు ఆమెకి ఆ శ్రమ లేదు. ఎర్నెస్టీనే మలుపు రాకముందే అవతలి వైపుకి దాటి, సముద్రం కేసి చూస్తూ నడిచి వెళ్లిపోతుంది.